కొట్టేసిండ్రంట

1996 ఏప్రిల్ 30, మధ్యాహ్నం రెండు నలభై. చిక్కడపల్లిలోని ఎస్టీడీ బూత్‌కు నారాయణగూడ వకీలు వీరరాఘవరావు గుమాస్తా ఫోన్ చేశాడు. నాలుగు మాటలు చెప్పి పెట్టేశాడు. బూత్ యజమాని ఉప్పలయ్య రోడ్డు దాటి, అపార్ట్‌మెంట్ కడుతున్న చోట ఇసుక జల్లిస్తున్న బాలనాగమ్మను పిలిచాడు.

"అక్కా, మీ తిమ్మయ్యది కొట్టేసిండ్రంట."

ఆమె జల్లెడ వదిలేసింది. "యాడ కొట్టిండ్రన్నా? తలకాయకు తగిలిందా?"

"మనిషిని కాదక్కా, కేసును. కోర్టుల కొట్టేసుడంటే తీసి అవతల పడేసుడు. మా బామ్మర్ది నా మీద పెట్టిన కేసు గిట్లనే కొట్టేసిండ్రు. ఆ పొద్దే ఇంట్ల కోడిని కోసిన."

"సిమెంటు బస్తాలు కొట్టేసిండనే గద ఆయనను పట్టుకపోయింది?"

"అది దొంగ కొట్టేసుడు. ఇది జడ్జి కొట్టేసుడు."

బాలనాగమ్మ నవ్వింది. భర్త తిమ్మయ్య జైలుకు వెళ్లి నలభై ఒక్క రోజులు.

"ఇంకేమన్నడు?"

"అయిదు లోపల వకీలు ఆఫీసుకొచ్చి వేలిముద్ర వెయ్యాల్నంట. రేపటి సంది హైకోర్టుకు నెల దినాలు సెలవులంట."

"హైకోర్టుతోని మనకేం పని?"

"వాళ్లు గట్లనే చెప్తరు. ఫైలు మూసేటప్పుడు నాతోని గూడ సంతకం పెట్టించుకున్నరు."

"అయితే రేపు పోత. ఇడిసిపెట్టినంక గేటు కాడ మనిషి లేకుంటే ఆయన పరేషాన్ అయితడు."

"పోయిరా. వేలిముద్ర యాడికి పోతది?"

ఆమె కాళ్లుచేతులు కడుక్కుంది. అశోక్‌నగర్ గుడిసెలో తిమ్మయ్య చొక్కా మడతపెట్టి సంచిలో వేసుకుంది. కూతురు భాగ్యశ్రీని వెంటబెట్టుకుని చంచల్‌గూడ బస్సెక్కింది. నాయిన బయటికి రాగానే భుజమెక్కుతానని భాగ్యశ్రీ కండక్టరుకు కూడా చెప్పింది.

నాలుగు యాభైకి జైలు గేటు దగ్గర, తిమ్మయ్యను తీసుకుపోవడానికి వచ్చామంటే జవాను అడిగాడు.

"విడుదల కాగితం ఏదమ్మా?"

"కొట్టేసిండ్రు సార్. మీకు ఎరుక లేదా?"

"ఏం కొట్టేసిండ్రు?"

"కేసు. ఇంత పెద్ద జైలుకు ఫోనన్న రాలేదా సార్?"

జవాను తిమ్మయ్య పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాసుకుని లోపలికి వెళ్లాడు. అయిదు ఇరవైకి తిరిగొచ్చాడు. బాలనాగమ్మ అప్పటికే సంచిలోంచి చొక్కా తీసి పట్టుకుంది.

కోర్టు కొట్టివేసింది బెయిలు దరఖాస్తును; వేలిముద్ర అడిగింది హైకోర్టులో వేయాల్సిన కొత్త దరఖాస్తుకు.