ముల్లు లేని చోట సందు

తుమ్మపొదలో సాలీళ్లకు గూడు అల్లడం నేర్పే పంతులమ్మ ఒకామె ఉండేది. ఎవరి గూడైనా కాలితో మీటి చూసి, "తప్పుంది, వెతుక్కో" అనేది. ఎక్కడుందో మాత్రం చచ్చినా చెప్పేది కాదు.

పరీక్షనాడు పొద్దుగూకేలోగా గూట్లో దోమ పడకపోతే మళ్లీ ఏడాదంతా అదే తరగతి. మిరియం అనే పిల్ల సాలీడు గూట్లో ఆ రోజు ఒక సందులోంచి దోమలు దర్జాగా దాటిపోతున్నాయి.

"ఈ సందే తప్పో కాదో చెప్పకపోతే ఇక మీరెందుకండీ?" అని మిరియం నిలదీసింది.

పంతులమ్మ కోప్పడలేదు. "ఆ సందు ఎందుకు వదిలావమ్మా?" అంది.

"అందరూ వదిలారు. పైతరగతి అన్న గూడు చూసి అల్లాం."

"అయితే వాణ్ణే అడుగు."

మిరియం రుసరుసలాడుతూ వెళ్లి అడిగింది. అన్న పడీపడీ నవ్వాడు.

"నా కొమ్మకు అక్కడ ముల్లుందే పిచ్చిదానా, దాన్ని తప్పించి అల్లాను. నీకేం అడ్డమొచ్చింది?"

మిరియం కొమ్మకు అక్కడ ముల్లే లేదు. గబగబా సందు పూడ్చింది. పొద్దు వాలుతుండగా దోమ వచ్చి పడి, గింజుకుని రెండు దారాలు తెంపింది. పంతులమ్మ పాసు చేసింది.

మిగతా పిల్లలు అప్పటికే మిరియం గూడు చూసి అల్లుతున్నారు, తెగిన ఆ రెండు దారాలతో సహా.