రక్తంలో లేని మందు

"మీరు మందు వేసుకోవట్లేదు రామూర్తి గారూ. అబద్ధం ఎందుకు చెబుతున్నారు?"

అరుగు మీద కూర్చున్న డాక్టరు ధరణి చేతిలోని ట్యాబు అతని వైపు తిప్పింది. తెర మీద రామూర్తి పేరు పక్కన ఎర్ర చుక్క వెలుగుతోంది.

కొబ్బరికాయ పీచు ఒలుస్తున్న రామూర్తి చెయ్యి ఆగిపోయింది. "అలగని ఎవులు సెప్పినారమ్మా?"

"మా ఏఐ చెప్పింది. రోజూ సాయంత్రం మీకు ఫోన్ చేసి మాట్లాడేది అదే కదా. మీ జవాబులూ, మొన్న తీసిన రక్తమూ పక్కపక్కన పెట్టి చూసింది. మీ రక్తంలో మందు జాడే లేదు."

"అంటే ఆ పెట్టె నన్ను దొంగంతందన్న మాట!"

ఈ ఊళ్లో రక్తం తీసుకెళ్లినవాళ్లకి లెక్క లేదు. నూతిలో నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, తోటలో మన్ను సంచుల్లో పట్టుకెళ్లారు. ఫలానా దానివల్ల మీ కిడ్నీలు పాడవుతున్నాయిరా అని తిరిగొచ్చి చెప్పిన పాపాన ఒక్కడూ పోలేదు. ఇప్పుడు మనుషులు చాలలేదని యంత్రాన్ని దింపారు. దానికి ఇక్కడి యాస కూడా నేర్పించి మరీ పంపారు. 'మావా, బాగున్నావా? మందేసుకున్నావా? కళ్లు తిరగతన్నాయేటి, వాంతొత్తందేటి?' అని తియ్యగా అడుగుతుంది. అంత తియ్యగా అడిగేవాళ్లని రామూర్తి ఎప్పుడూ నమ్మలేదు.

"నా దగ్గర వేరే దారి లేదు," అంది ధరణి. "ఇది కొత్త మందు మీద పరిశోధన. వేసుకోనివాళ్లని వేసుకున్నట్టు రాస్తే రేపు ఎవరి ప్రాణం మీదకో వస్తుంది. మీ పేరు తీసేస్తున్నాను."

రామూర్తి ఒలుస్తున్న కాయ కింద పెట్టేశాడు. "ఈ మందు కూడా ఆగిపోతే నాకింకేటుందమ్మా? పలాస ఎల్లి ఆ నెత్తురు కడిగే మిషను పక్కన మంచవెక్కడమే. ఎక్కినోడు మళ్లీ తోటలో అడుగెట్టడం నాను సూణ్ణేదు."

పక్కింటి నూకయ్య గోడ మీంచి తల పెట్టాడు. "ఏటి బావా, జీడిపిక్కల్తో పాటు మందుబిళ్లలు కూడా సంతలో కొలిసీసినావేటి?"

"నోరు ముయ్యి బావా! ఒసే నూకాలూ, ఆ డబ్బా ఇలగ తే!"

అతని పెళ్లాం నూకాలమ్మ లోపల్నించి మందు డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి, గుమ్మం పట్టుకుని నిలబడింది. ధరణి మూత తీసి చూసింది. అడుగున ఒక్క బిళ్ల కూడా లేదు.

"డబ్బా ఖాళీ. రక్తంలో చూస్తే లేదు. మరి ఎక్కడికి పోయాయి?"

"నా కడుపులోకమ్మా! తల్లి మీద ఒట్టు. పొద్దున్న గంజి తాగీసరికి మా ఆడది అరిసేతిలో బిళ్లెడతది, నాను మింగుతాను. ఒక్క పూట మానితే..."

ఆ మాట సగంలోనే ఆగిపోయింది. అప్పుడే అతనికి అర్థమైంది, తను ఏం చెబుతున్నాడో. మెల్లగా పెళ్లాం వైపు తిరిగాడు.

నూకాలమ్మ కొంగు ముడి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"కంచిలిలో నీ బావమరిదికీ ఇదే జబ్బు గదా బావా," అన్నాడు గోడ మీంచి నూకయ్య, ఊరికే అన్నట్టు.

రామూర్తి లేచాడు. "సింహాద్రికి పంపుతన్నావేటే? నీ తమ్ముడు బతకాల, నాను సావాల. అంతేనా?"

"కాదు మావా."

"అయితే మొన్న కంచిలి ఎందుకెల్లినావు? నెత్తి మీద మూట పెట్టుకుని ఎల్లినావు గదా! ఇన్నాళ్లూ నాకెట్టింది ఏటే? సున్నపు ముక్కలా?"

భుజం పట్టి కుదిపేశాడు. ధరణి మధ్యలోకి వచ్చి విడిపించింది. నూకాలమ్మ కొంగు ముడి విప్పి చిన్న కాగితప్పొట్లం తీసింది. అందులో తెల్లటి బిళ్లలు.

"ఇయ్యి పెడతన్నాను. బలానికని మందుల కొట్లో అడిగి తెచ్చినాను."

ధరణి ఒక బిళ్ల తీసి చూసింది. ఒంట్లో సత్తువకి ఎవరైనా వేసుకునేవే. ఆమెకి కోపం ఆగలేదు. "ఆయన ప్రాణంతో ఆటలా? మనిషి రోజురోజుకీ కరిగిపోతుంటే మంచి మందు దాచేస్తారా?"

"మంచి మందని నీకెలగ తెలుసమ్మా?"

"ఎలా ఏమిటి! ఊరూరా రోజూ అడుగుతున్నాం కదా. ఏ చిన్న తేడా వచ్చినా యంత్రం ఇట్టే పట్టేస్తుంది. మీ ఆయన ఒక్కరోజు కూడా బాగోలేదనలేదు. ఈ వీధిలో ఈ మందు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని మొన్ననే పైకి పంపించాం."

"ఆ పెట్టె ఆయన్నే అడుగుతంది."

"మరి ఇంకెవర్ని అడగాలి?" అంది ధరణి విసుగ్గా.

నూకాలమ్మ మొగుడి మొహంలోకి చూసింది. వంగి, చీర కుచ్చెళ్లు చీలమండల పైకి ఎత్తింది.

"ఆ కొత్త మందు ముందు నానే మింగి సూసుకుంతన్నాను మావా. కాళ్లు ఇలగ పొంగీసినాయి, అందుకే నీకింకా పెట్టనేదు."