కదిలితే ఒట్టు

"ఇంకొక్కసారి ఆ రాళ్లు కూలాయంటే, ఆ తొట్టినీ చేపల్నీ తీసుకెళ్లి మేడ మీద కాపురం పెట్టుకోండి!" అంది భార్య, నేల తుడిచిన గుడ్డను బకెట్లోకి పిండుతూ.

హాల్లోని గాజు తొట్టిలో పేర్చిన సముద్రపు రాళ్ల గుట్ట అప్పుడే కూలింది. అద్దం పగలడం వెంట్రుకవాసిలో తప్పింది. నారింజ రంగు చేపల జంట ఓ మూల నక్కి వణుకుతోంది.

"ఈసారి చూడు! రాళ్లకు కన్నాలు వేసి, కడ్డీ గుచ్చి, అతుకుముద్ద పెట్టి బిగించేస్తాను," అన్నాడు భర్త.

సాయానికి బావమరిది దిగాడు, డ్రిల్లింగ్ మెషీన్‌ని చంటిబిడ్డలా ఎత్తుకుని. మూడు రాళ్లనూ తీసి డైనింగ్ టేబుల్ చివర ప్లాస్టిక్ ట్రేలో ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. టేబుల్ ఆ చివర అత్తగారు కాఫీ తాగుతున్నారు.

"వాటికి ఆ స్నానాలేంటి బాబూ?" అన్నారావిడ, అల్లుడు మగ్గుతో ఉప్పునీళ్లు పోస్తుంటే.

"ఆరిపోతే చచ్చిపోతాయి అత్తయ్యగారూ. ఇవి ప్రాణమున్న రాళ్లు. లోపలంతా పురుగులూ పీతలూ కాపురముంటాయి. తొట్టి శుభ్రంగా ఉంచేది అవే."

"ప్రాణమున్నవాటికి కన్నాలు పెడతారా!"

"చెవులు కుట్టించడం లాంటిదేనమ్మా," అంటూ బావమరిది మీట నొక్కాడు.

గుర్ర్‌ర్... తెల్లటి పిండి ఎగిరి బావాబావమరుదుల మీసాలు నెరిసిపోయాయి. రాతిలోంచి గోరంత పీత ఒకటి బయటపడి, ఇల్లు తగలబడ్డట్టు టేబుల్ మీద అడ్డంగా పరుగెత్తింది. అత్తగారు కప్పుతో సహా కుర్చీ ఎక్కారు.

"పట్టుకోరా, నా కాఫీలో దూకేలా ఉంది!"

బావమరిది గరిటెతో వెంటపడి, పట్టి, తొట్టిలో వేశాడు. కోపంగా ఉండాలని ఎంత బిగపట్టినా భార్యకు నవ్వు ఆగలేదు.

పైనుంచి కడ్డీ దించారు.

"బావా, బెత్తెడు పైకి మిగిలింది."

"కొట్టు!"

బావమరిది సుత్తితో కొట్టి కొట్టి మొత్తం దింపాడు. సందుల్లో, అడుగున, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ అతుకుముద్ద కుక్కారు. అది గట్టిపడేదాకా రాళ్లు ఆరిపోకుండా ఇద్దరూ వంతులవారీగా ఉప్పునీళ్లు చిలకరించారు.

"ఇప్పుడు కదిలించు చూద్దాం," అన్నాడు భర్త, భార్యతో.

ఆమె చేత్తో నెట్టింది. భుజంతో నెట్టింది. కొంగు బిగించి నెట్టింది. ఊహూ! అత్తగారు కూడా కుర్చీ దిగి వచ్చి ఓ చెయ్యి వేశారు.

"కదిలితే ఒట్టు! కొండను పాతినట్టుంది బాబూ!"

భర్త గిర్రున తిరిగి ఓ స్టెప్పు వేశాడు. బావమరిది ఈల వేశాడు.

"సరే, ఒప్పుకున్నాను. తొట్టి ఇక్కడే ఉండనీండి," అని భార్య అందరికీ కాఫీ కలిపి తెచ్చి టేబుల్ మీద పెట్టింది. "ముందు చేపలకు ఇల్లు అప్పగించండి, తర్వాత తాగుదురుగాని."

బావాబావమరుదులు అరచేతుల్లో ఉమ్ముకుని రాళ్లను చెరోవైపు పట్టుకున్నారు.

"ఒకటి... రెండు... మూడు!"

"అయ్యయ్యో, నా కాఫీ ఎటు పోతోంది!" అని అత్తగారు కేక పెట్టారు.

రాళ్లతో పాటు డైనింగ్ టేబులూ లేచింది.