లైబ్రరీకని చెప్పి

చప్పుడు కాకూడదని అరుంధతి చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగింది. అయినా దొరికిపోయింది.

“ఎటు బిడ్డా, ఇంత ఎండల?” మెడికల్ షాపు కౌంటర్ వెనక నుంచి జగదీశ్వర్ గారు అడిగారు.

“లైబ్రరీకి,” అంది, అక్కడే చెప్పులు తొడుక్కుంటూ.

మేడ మీద ఉండేవాళ్ళకు కింద మందుల షాపు ఉండటం ఎంత సుఖమో అంత కష్టం. చిక్కడపల్లిలోని ఆ వీధిలో ఎవరికి జ్వరం, ఎవరికి అజీర్తి, ఎవరికి చెప్పుకోలేని చోట సెగ్గడ్డ లేచిందో, అన్నీ జగదీశ్వర్ గారికి తెలుసు. పాపం, మనసు వెన్న. మాట మాత్రం కడుపులో దాగదు.

అరుంధతికి కావలసింది కడుపు నిలిచిందో లేదో ఇంట్లోనే చూసుకునే పరీక్ష పెట్టె. పోయిన రెండుసార్లూ భర్త శ్రీనాథ్ కిందికి దిగి ఆ షాపులోంచే తెచ్చాడు. జగదీశ్వర్ గారు డబ్బులు ముట్టుకోలేదు. సాయంత్రానికల్లా పూలమ్మే లక్ష్మవ్వ మల్లెలు ఓ మూర ఎక్కువ కొలిచి, ఆమె పొట్ట వైపు చూసి నవ్వింది. ఎదురింటివాళ్ళు చింతకాయ తొక్కు పంపారు.

రెండుసార్లూ ఏమీ లేదని తేలింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఎదురైతే చాలు, జగదీశ్వర్ గారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. వేళాకోళం చేసినా భరించేదేమో. ఆ జాలి భరించలేక బాత్రూంలో నల్లా విప్పుకుని మరీ ఏడ్చింది.

ఈసారి ముందు తనకే తెలియాలి. లేదని తేలితే ఒక్కతే ఏడవాలి. ఉందని తేలితే ఒక్క పూటైనా ఒక్కతే మురిసిపోవాలి. అందుకే శ్రీనాథ్‌కు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం పూట మందుల షాపులు ఖాళీగా ఉంటాయని ఆమెకు తెలుసు. తను వచ్చిన పక్క పేట అశోక్ నగర్ సంగతి మాత్రం తెలియదు. కోచింగ్ వదిలారు కాబోలు, షాపు ముందు హాస్టల్ పిల్లలు తలనొప్పి గోళీల కోసం తోసుకుంటున్నారు. అరుంధతి కాసేపు పుస్తకాల కొట్టు దగ్గర కరెంట్ అఫైర్స్ తిరగేసింది. రద్దీ తగ్గాక వెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

“ప్రెగ్నెన్సీదా అక్కా?” షాపాయన బస్టాపు దాకా వినబడేలా అన్నాడు. “చుక్కలేసేది ఉంది, ముంచేది ఉంది. ఏదియ్యాలె?”

గ్రూప్ టూకు చదువుకునే కుర్రాళ్ళు టక్కున పేపర్లో తలలు దూర్చారు.

“చుక్కలదే ఇయ్యండి,” అంది చెమట తుడుచుకుంటూ. పెట్టె చేతికి రాగానే తిప్పి గడువు తేదీ చూసి వెనక్కి నెట్టింది. “ఇది పాతది. కొత్తయి ఎన్కనే పెడతరు కద, అండ్లకెల్లి తియ్యండి.”

షాపాయన ఆమెను ఎగాదిగా చూశాడు. “నర్సమ్మవా అక్కా?”

“పేపర్ల చుట్టి ఇయ్యండి,” అంది అరుంధతి.

తిరిగి వచ్చేసరికి జగదీశ్వర్ గారు ఇంకా కౌంటర్‌లోనే ఉన్నారు.

“పుస్తకం ఏది బిడ్డా?”

“దొరకలే.”

“గంత పెద్ద లైబ్రరీల ఒక్కటి గూడ దొరకలేదా?”

ఆమె అప్పటికే మెట్లెక్కేసింది.

తెల్లవారి అత్తగారు విద్యావతి నీళ్ళు పట్టే హడావిడిలో ఉండగా, అరుంధతి బాత్రూం గడియ పెట్టుకుంది. చీటీలో రాసినట్టే చుక్కలు వేసింది. కార్డు మీద మొదటి గీత వచ్చింది. అది ఎప్పుడూ వచ్చేదే, దానితో ఆమెకు పాత పరిచయం. రావలసింది రెండోది. చూసే ధైర్యం లేక కళ్ళు మూసుకుంది.

“అరుంధతీ! జర బకెట్ ఇయ్యరాదే, నల్లా పోతది!” అత్తగారు తలుపు బాదారు.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. రెండో గీత! పల్చగా, సిగ్గుపడుతున్నట్టు, కానీ ఉంది. ఆ బకెట్‌నే బోర్లించి, దాని మీద కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నవ్వింది కూడా. బయట నల్లా పోయింది. విద్యావతి తిట్టిన తిట్లన్నీ ఆమెకు దీవెనల్లాగే వినిపించాయి.

ఒక పూట దాచుకుందామనుకున్న మనిషి, చాయ్ మరిగేదాకా కూడా ఆగలేకపోయింది. శ్రీనాథ్‌ను తట్టి లేపి చెప్పేసింది. అతను మంచం మీద నుంచి ఒక్క గెంతు గెంతి, “కిందికి పోయి చెప్పొస్త!” అన్నాడు.

“వద్దు. ఈసారి ఆయనకు నేనే చెప్త.”

జగదీశ్వర్ గారు అప్పుడే షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతున్నారు. ఆమె కార్డు కౌంటర్ మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. కార్డును వెలుతురుకు పెట్టి మళ్ళీ చూశారు.

“ఏడ కొన్నవ్ బిడ్డా?” అన్నారు చివరికి.

“అశోక్ నగర్ల.”

ఆయన పైపంచెతో కళ్ళు ఒత్తుకుని, మేడ మీదికి కేకేశారు: “ఓ విద్యావతీ, నీ కోడలు సొంత షాపు కాదని పరాయి షాపుల కొనుక్కొచ్చింది గని పోనియ్యి, మనం తాతా నానమ్మలమైనమే!”