తెలియని ఊరు

"అత్తా, దుర్గ ఎక్కడున్నాది?"

ఇసక మీద ఎండబెట్టిన చేపల్ని తిరగేస్తున్న లక్ష్మణమ్మ తలెత్తలేదు. "నాకు తెల్దు బాబూ."

అల్లుడు ధనరాజ్ శ్రీకాకుళం నుంచి కళింగపట్నానికి మళ్ళీ వచ్చాడు. దుర్గాభవాని అతన్ని విడిచి వెళ్ళిన కొత్తలో వచ్చి, అత్త కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఈసారి ఏడుపు లేదు.

"విడాకుల నోటీసొచ్చినాది. అందులో లాయరు అడ్రసే ఉన్నాది. కన్నతల్లికి సెప్పకుండా పోద్దేటి?"

"పోనాది. ఫోనైనా సెయ్యదు."

ధనరాజ్ ఆమె చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. కూతురి మణికట్టు మీద నల్లగా కమిలిన మచ్చలు గుర్తొచ్చాయి లక్ష్మణమ్మకి. గాజులు ఒరుసుకున్నాయని కూతురు చెబితే అప్పట్లో నమ్మింది.

"కూర్మనాథసామి మీద ఒట్టెయ్యి."

దేవుడి పేరు పెట్టి లక్ష్మణమ్మ అబద్ధమాడదని ఆ వీధికంతా తెలుసు. అతనికీ తెలుసు.

"సామి మీద ఒట్టు. అది ఏ ఊళ్ళో ఉన్నాదో నానెరగను."

ధనరాజ్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి చెయ్యి వదిలేశాడు. "నీ కూతురు నిన్ను కూడా నమ్మనేదన్నమాట" అని నవ్వాడు. చేపల్ని కాలితో చెదరగొట్టి, బండెక్కి వెళ్ళిపోయాడు.

పక్కింటి ఈశ్వరి వచ్చి ఇసకలో పడ్డ చేపలు ఏరసాగింది.

"ఇంక రాడులే పిన్నీ. ఒట్టు నమ్మీసినాడు."

లక్ష్మణమ్మ మణికట్టు రుద్దుకుంటూ కూర్చుంది. మొన్న జ్వరంతో పడుకుంటే, కూతురికి కబురు పెట్టే దారి లేకపోయింది. బస్సు ఆగిన చప్పుడు వింటే ఇప్పటికీ గుమ్మంలోకి వస్తుంది. దుర్గ ఉన్నచోట సముద్రం ఉందో లేదో, వండుకుంటోందో పస్తుంటోందో. ఏ ఊరై ఉంటుందా అన్న ఆలోచన రాగానే మాత్రం లేచి ఏదో ఒక పనిలో పడుతుంది.

"అయినా ఎంత రాయి మనసు పిన్నీ దానిది" అంది ఈశ్వరి. "నిన్నొక్కదాన్నీ ఇలగ ఒగ్గీసి పోయేటప్పుడు, పలానా ఊరని ఒక్క ముక్క సెప్పాలనిపించనేదా?"

లక్ష్మణమ్మ ఈశ్వరి ఏరిన చేపల్ని అందుకుని, ఇసక దులిపి మళ్ళీ పరవసాగింది.

చెప్పబోయిన కూతురి నోరు చేత్తో మూసింది తనే.