గోడల్లో పేరు

“చదువు” అంటూ హోరియే ఆ ఫోటోను సుగాయా బల్ల మీద పడేశాడు.

గదిలో ఉన్న మిగతా ఏడుగురూ తలలు వంచేసుకున్నారు. ఫోటోలో ఉన్నది వాళ్లంతా కలిసి తయారుచేసిన ఆటే. చిక్కుదారుల్లో పిండి ఉండలు తింటూ కుందేలు పరిగెత్తాలి, నాలుగు నక్కలు దాన్ని తరుముతుంటాయి. నాలుగు రోజుల కిందట కమాతా స్టేషన్ పక్క ఆటల దుకాణంలో ఒక మెషిన్ పరీక్షకు పెట్టారు. అక్కడికి రోజూ వచ్చే ఒక టాక్సీ డ్రైవరు ఆటలో తొమ్మిదో మెట్టు దాకా వెళ్లి, ఇదేమిటండీ ఇక్కడ పేరుందని దుకాణదారుకు చూపించాడట. కబురు అందగానే సెక్షన్ హెడ్ హోరియే స్వయంగా వెళ్లాడు. ఆ డ్రైవరు వెనక గంటన్నర నిలబడి, తొమ్మిదో మెట్టు రాగానే ఫోటో తీశాడు. దారుల్ని వదిలేసి గోడల్నే చూస్తే మూడు అక్షరాలు. నొబోరు.

ఒకసారి కనిపించాక ఇంక గోడలు కనిపించవు, పేరే కనిపిస్తుంది.

ఆ మెట్టు పూర్తి చేసిన సుగాయా ఫోటో వైపు చూడలేదు. హోరియే మొహం వైపే చూసింది.

“ఎవరీ నొబోరు?”

“మీకు తెలియదా సార్?”

“నీ వ్యవహారాలన్నీ నాకెలా తెలుస్తాయి?”

ఆమె ఇంకేదో అనబోయి ఆగిపోయింది.

కంపెనీ ఆటల్లో ఎవరి పేరూ ఉండకూడదు. అది 1982. ఫలానా ఆట ఫలానా మనిషి చేశాడని తెలిస్తే చాలు, అతన్ని ఎగరేసుకుపోవడానికి పోటీ కంపెనీవాళ్లు మర్నాడే గద్దల్లా వాలుతున్న రోజులు. సెక్షన్ హెడ్ పేరు కూడా ఎక్కడా వేయరు. ఆ సంగతి అందరికీ తెలుసు. పైగా మర్నాడు పొద్దున్నే ఆట ఫ్యాక్టరీకి వెళ్లాలి. ఒకసారి చిప్పుల్లోకి ఎక్కిందంటే బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు.

అవతలి కంపెనీ వాడా అని హోరియే అడిగాడు. కాదంది. పెళ్లిచూపుల్లో కుదిరినవాడా అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది. పెళ్లయినవాడేమో, అందుకే గోడల చాటున దాచావని ఎత్తిపొడిచాడు. ఆమె ఆ ఒక్క మెట్టు అలాగే ఉంచమని అడిగింది. తొమ్మిదో మెట్టు దాకా వెళ్లేది నూటికి ఒకరు కూడా ఉండరంది. కావాలంటే తన జీతం కోసుకోమంది, అదీ చాలకపోతే రాజీనామా రాసిస్తానంది.

హోరియేకి ఒళ్లు మండిపోయింది. ఒక మగవాడి పేరు కోసం ఉద్యోగం వదులుకుంటుందా ఈ పిల్ల?

“తషిరోని చూసైనా సిగ్గు తెచ్చుకో” అన్నాడు. “ఎనిమిది మెట్లు గీశాడు. ఒక్కనాడైనా తన పేరు వేయమన్నాడా?”

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం తషిరో, ఈ గదిలోనే కిటికీ పక్కనున్న కుర్చీలో, చేతిలో పెన్సిలు ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు. ముప్ఫై మూడేళ్లు. అప్పటికి పది రోజులుగా అతను ఇంటికి వెళ్లలేదు. మెషిన్ల ప్రదర్శన దగ్గరపడటంతో హోరియే అంత్యక్రియలకు వెళ్లలేకపోయాడు. సెక్షన్ తరఫున పూలు పంపించాడు. తషిరో సగం గీసి వదిలేసిన తొమ్మిదో మెట్టును సుగాయాకు అప్పగించాడు.

“నా సొంత తమ్ముడిలాంటివాడు” అన్నాడు హోరియే. అతని గొంతు నిజంగానే జీరబోయింది. “కాఫీలో చక్కెర వేసుకునేవాడు కాదు. ఎడమ భుజం నొప్పి. పిలిస్తే చాలు, ఎంత పనిలో ఉన్నా లేచి వచ్చేవాడు. అలాంటి మనిషి వదిలిపోయిన పనిని నీ చేతిలో పెడితే, నువ్వు చేసింది ఇదా?”

సుగాయా కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట తగిలిందనుకున్నాడు హోరియే. చెరిపేయమన్నాడు.

ఆమె గళ్ల కాగితం ముందు వేసుకుని కంప్యూటరు దగ్గర కూర్చుంది. హోరియే ఆమె వెనకే నిలబడ్డాడు. ఆమె ఒక్కో గోడకూ ఉన్న అంకె కొట్టేసి, కంప్యూటర్లో ఇంకో అంకె ఎక్కిస్తోంది. తెర మీద మొదటి అక్షరం విరిగింది. రెండోది నాలుగు ముక్కలై నాలుగు దారుల్లో కలిసిపోయింది. మూడో అక్షరం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. హోరియే దగ్గాడు. చెయ్యి మళ్లీ కదిలింది.

మూడింటికల్లా పని అయిపోయింది. కుందేలు కొత్త దారుల్లో పరిగెత్తింది. నక్కలు తరిమాయి. తోటివాళ్లలో ఒకతను ఆడి చూసి, ఇబ్బందేమీ లేదన్నాడు.

హోరియే గుండె మీద బరువు దిగింది. పిల్ల తప్పు చేసినా మాట విందనుకున్నాడు. వరండాలోని మెషిన్ నుంచి రెండు వేడి కాఫీ డబ్బాలు తెచ్చి, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

“ఇప్పుడు నాకు కోపం లేదు. రాజీనామా ఊసెత్తకు. ఇంత పంతం పట్టావే, ఎవరతను? నలుగురిలో చెప్పుకోలేని మనిషా?”

సుగాయా డబ్బా మూత తీయలేదు. రెండు చేతులతో దాన్ని బల్ల అంచున పెట్టేసింది.

“ఎనిమిదేళ్లు మీ దగ్గరే పనిచేశారు సార్” అంది. “తషిరో ఆయన ఇంటిపేరు.”