ఐదేళ్ల బండి

“మూడున్నర లక్షలు. అంతకు మించి పైసా పెట్టను,” అన్నాడు ఫొటోగ్రాఫరు, కారు బానెట్ మూస్తూ.

లెక్కల టీచరుకు ఒళ్లు మండింది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, పొద్దున్నే కడిగి తుడిచిన తన చిన్న కారు పక్కన నిలబడి, చేతిలోని కాగితం ఆయన ముఖం ముందు పెట్టింది.

“ఇది చూడండి సార్. కొత్త కారు షోరూం గేటు దాటగానే పదో వంతు ధర పోతుంది. ఏడాది తిరిగేసరికి ఐదో వంతు. ఆ దెబ్బలన్నీ నేనే తిన్నాను. ఇక మీ చేతికొచ్చాక మెట్లు దిగినట్టు మెల్లగా దిగుతుంది. పెద్ద కార్లయితే ఈపాటికి సగం కూడా పలకవు. ఇది చిన్న బండి, మైలేజీ ఉంది, స్పేర్లు ఏ సందులోనైనా దొరుకుతాయి. ఎనిమిది లక్షలు పెట్టి కొన్నాను. నాలుగు లక్షల ఇరవై వేలు న్యాయమైన ధర.”

“లెక్క మీది, డబ్బు నాది మేడమ్. ఎల్లుండి ఇదే కారులో కొత్త మోడల్ దిగుతోంది. అప్పుడు మీ కాగితం ఉండ చుట్టి పారేయాల్సిందే.”

ఆ మాట నిజమేనని ఆమెకూ తెలుసు. పైగా రేపు సాయంత్రంలోగా ట్యూషన్ సెంటరు గదికి అడ్వాన్సు కట్టకపోతే, దానికోసం కాచుకు కూర్చున్న జిమ్ వాడు ఎగరేసుకుపోతాడు.

“అసలు ఈ బండికి పికప్ ఉండదు. వెనక సీట్లో మనిషి కాళ్లు చాపలేడు. బ్రేకుల సంగతి దేవుడికెరుక,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

“ముందు నడపండి, తర్వాత మాట్లాడండి,” అంటూ తాళం ఆయన చేతిలో పెట్టింది.

ఇంతసేపూ మెట్ల దగ్గర నిలబడి వింటున్న అత్తగారు, “దారిలో నన్ను మందుల షాపు దగ్గర దింపండి నాయనా,” అంటూ ఎవరూ పిలవకుండానే వచ్చి వెనక కూర్చుంది.

ఫొటోగ్రాఫరు బండిని నత్తనడకన రోడ్డెక్కించాడు. మలుపు మలుపుకూ ఒక వంక, వంక వంకకూ ఒక కోత. ఏసీ చల్లగా లేదన్నాడు, పదివేలు దించాడు. స్టీరింగ్ బిగుతుగా ఉందన్నాడు, ఇంకో పది. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి కారు మూడు లక్షల ఇరవై వేలకు జారిపోయింది. పక్క సీట్లో టీచరు పళ్లు కొరుకుతూ కూర్చుంది.

అంతలో వెనక నుంచి సన్నటి మూలుగు.

“అమ్మాయ్... గుండెల్లో పట్టేసినట్టుందే.”

టీచరు వెనక్కి తిరిగింది. అత్తగారు ఛాతీ మీద చెయ్యేసుకుని, కాళ్లు చాపుకుని సీటు మీద వాలిపోయి ఉంది.

“సార్, హాస్పిటల్,” అంది టీచరు. కాగితం ఎక్కడ పడిందో చూసుకోలేదు.

ఫొటోగ్రాఫరు యాక్సిలరేటర్ తొక్కాడు. బండి ఒక్క ఊపున ముందుకు దూకి, రెండు బస్సుల మధ్య నుంచి బాణంలా దూసుకుపోయింది.

“ఫ్లైఓవర్ ఎక్కకు నాయనా, జామ్‌లో ఇరుక్కుంటాం,” వెనక నుంచి నీరసంగా వినిపించింది. “ఎడమ సందులోకి పోనీ.”

ఆ సందులో రెండు స్కూటర్లు ఎదురైతేనే తగువు. ఫొటోగ్రాఫరు అద్దాలు ముడిచి, ఊపిరి బిగబట్టాడు. కారు సూదిలో దారంలా దూరి అవతల తేలింది. తేలిందో లేదో, ఓ నీళ్ల ట్యాంకరు వెనకా ముందూ చూడకుండా రివర్సులో వచ్చేసింది. బ్రేకు మీద రెండు కాళ్లూ వేసినంత పని చేశాడు. జానెడు దూరంలో కారు మేకు కొట్టినట్టు ఆగింది. టీచరు కళ్లు మూసుకుని తెరిచేసరికి ఆయన ట్యాంకరును చుట్టి వచ్చి, హాస్పిటల్ ముందున్న ఏటవాలు రోడ్డుకు గురిపెడుతున్నాడు. నిండా ముగ్గురు మనుషులతో బండి ఆ ఎత్తును దడదడా ఎక్కేసింది. ఎనిమిది నిమిషాలు. మామూలుగా అరగంట దారి.

స్ట్రెచర్ లోపలికి వెళ్లిపోయింది. బయట బల్ల మీద టీచరు కూర్చుంది. ఫొటోగ్రాఫరు మాత్రం కూర్చోలేకపోతున్నాడు. ముఖం నిండా చెమట, కళ్లు పిల్లాడి కళ్లలా మెరుస్తున్నాయి.

కాసేపటికి డాక్టరు వచ్చి, “ఈసీజీ శుభ్రంగా ఉంది. ఓ గంట చూసి పంపించేస్తాం,” అని చెప్పి వెళ్లాడు.

టీచరు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఫొటోగ్రాఫరు చటుక్కున పక్కన చేరాడు.

“మేడమ్, ఆ సందులో దూరిన తీరు చూశారా? ఆ బ్రేకు, ఆ ఎత్తు? మీరు చెప్పిన నాలుగు ఇరవై ఇచ్చేస్తాను.”

“ఇప్పుడా బేరం ఎందుకు సార్,” అంది ఆమె, తలుపు వైపు చూస్తూ.

ఆయన ముఖంలో కంగారు కనిపించింది. “అమ్మే మనసు మార్చుకోకండి. నాలుగు ముప్పై. ఇంకెవరికీ చూపించనంటేనే.”

ఆమె తల ఊపేలోపే ఫోను మోగింది. కారుకు ఆయన పంపిన అడ్వాన్సు ఆమె ఖాతాలో పడింది. కాగితాలకు రేపు పొద్దున్నే వస్తానని, ఆటో కోసం గేటు దగ్గరికి పరుగుతీశాడాయన.

టీచరు లోపలికి వెళ్లింది. మంచం మీద అత్తగారు కళ్లు మూసుకుని ఉంది. ఆ చేయి అందుకోగానే ఆమెకు ఏడుపు ఆగలేదు.

“అత్తయ్యా, నొప్పి ఎలా ఉంది?”

అత్తగారు ఒక కన్ను తెరిచి, గుమ్మం వైపు చూసింది.

“వెళ్లాడా?”

“వెళ్లాడు.”

“ఎంతకు తెగిందమ్మాయ్?”